నిలిచిన పులుసే నెల్లూరు పులుసు

హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నగరాల్లోనే కాదు, 16వ నంబరు జాతీయ రహదారి పొడవునా 'నెల్లూరు చేపల పులుసు' అన్న బోర్డులు కనిపిస్తాయి. ఊరి పేరు ఇంత దూరం వెళ్ళింది గాని, ఆ ఊరి వంటలోని ఓపిక దాని వెంట అన్నిచోట్లకూ వెళ్ళలేదు. చాలా హోటళ్ళలో విస్తట్లోకి వచ్చేది ముందే కలిపి పెట్టుకున్న ఎర్రటి గ్రేవీ, అందులో అప్పటికప్పుడు జారవిడిచిన వేపుడు ముక్క. కారం నాలుకను పట్టేస్తుంది, పళ్ళు పులుస్తాయి, ముక్క విరిచి చూస్తే లోపల తెల్లగా, చప్పగా ఉంటుంది. తీరం ఊళ్ళలో అసలు రుచి ఎరిగినవాళ్ళు మొదటి ముద్దకే పెదవి విరుస్తారు.

మంచి పులుసు ఎక్కడ దొరుకుతుందని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు, ఏది మంచి పులుసో పోల్చుకోవడం రావాలి. రంగు చూసి మోసపోవచ్చు, ఘాటు చూసి మోసపోవచ్చు, పొయ్యి మీద నుంచి దించగానే రుచి చూసి కూడా మోసపోవచ్చు. ఈ వంటకు తీర్పు చెప్పాల్సింది అది నిలిచాకే. చేప ఎంపిక నుంచి ఆఖర్న చల్లే పొడి దాకా ఇందులో చేసే ప్రతి పనీ ఆ నిలవడం కోసమే.

చేప దగ్గరే సగం తేలిపోతుంది

నెల్లూరు జిల్లాకు నీటి వైభవం ఎక్కువ. తూర్పున బంగాళాఖాతం, ఊటుకూరు దగ్గర సముద్రంలో కలిసే పెన్న, లోపలికి పోతే చెరువులు, కాలవలు, తీరం వెంబడి ఆక్వా గుంటలు. అందుకే ఇక్కడి పులుసుకు ఒకే చేప అన్న నియమం లేదు. సముద్రం నుంచి వంజరం, చందువ, మాగ, కానాగంతలు. ఉప్పునీళ్ళూ మంచినీళ్ళూ కలిసేచోట పండుగప్ప. చెరువుల్లో, కాలవల్లో కొర్రమీను, బొమ్మిడాయిలు. పులుసు దాకా వస్తే నెల్లూరు వాళ్ళు ఎక్కువగా మొగ్గేది కొర్రమీనుకూ బొమ్మిడాయిలకే. వాటి కండ గట్టిది. పుల్లటి నీళ్ళలో ఉడికినా విడిపోదు. చర్మం, ఎముకల్లోని జిగురు పులుసులోకి దిగి దానికి చిక్కదనం ఇస్తుంది.

కొర్రమీనుకు మరో సుగుణం ఉంది. మొప్పలతో పాటు తలలోని ప్రత్యేకమైన అరలతో అది నేరుగా గాలి పీల్చుకోగలదు. అందుకే కాసిని నీళ్ళు పోసిన తొట్టిలో బతికుండగానే సంతకు వస్తుంది. సముద్రపు చేపకు ఆ సౌకర్యం లేదు కాబట్టి కొనేవాళ్ళ కన్నే దానికి పరీక్ష. కన్ను తేటగా, ఉబ్బెత్తుగా ఉండాలి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి. వేలితో నొక్కితే పడిన గుంట వెంటనే పూడాలి. మైపాడు, తుమ్మలపెంట వంటి తీరం ఊళ్ళలో గంపల దగ్గర బేరం ఆడే ఆడవాళ్ళు ఈ మూడూ చూశాకే ధర అడుగుతారు.

కాలం కూడా చూసుకోవాలి. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టి పెరగడానికి ఆ వ్యవధి. పచ్చి మామిడికాయ పుష్కలంగా దొరికే రోజులు, అంటే ఈ పులుసుకు అసలైన రోజులు, చాలా భాగం అందులోనే పడతాయి. ఆ రెండు నెలల్లో చెరువు చేపకూ, మర లేని చిన్న తెప్పల మీద వచ్చే కొద్దిపాటి సముద్రపు చేపకూ గిరాకీ. మే నెలలో ఎవరైనా పెద్ద వంజరం తెచ్చి 'ఈ పొద్దే ఒడ్డుకొచ్చింది' అంటే మరోసారి అడగడం మంచిది. పడమటి తీరంలో నిషేధం జూన్ 1న మొదలవుతుంది గనుక, అది అక్కడి నుంచి ఐసులో వచ్చిన చేప అయ్యుండవచ్చు.

ఇంటికి తెచ్చాక శుభ్రం చెయ్యడమే ఒక పని. బొమ్మిడాయిలనైతే బూడిద అద్ది, రాయి మీద జిగురు పోయేదాకా రుద్దుతారు. మిగతా వాటిని రాళ్ళుప్పు, పసుపు పట్టించి, నీళ్ళు తేటగా వచ్చేదాకా కడుగుతారు. ఇక్కడ తొందరపడితే ఆ లోటును తర్వాత ఏ మసాలా కప్పలేదు. ముక్క మందంగా, అడ్డంగా కొయ్యాలి. తలకాయను పారెయ్యకూడదు, పులుసుకు బలం అందులోనే ఉంది.

రెండు పులుపులు

నెల్లూరు పులుసును మిగతా ప్రాంతాల పులుసుల నుంచి వేరు చేసేది మామిడికాయ. చింతపండు పులుసులో చేప ఉడికించడం తెలుగునాట అంతటా ఉంది. దానికి తోడు పచ్చి మామిడికాయ ముక్కలు వెయ్యడం ఇక్కడి ముద్ర. ఒక పులుపు ఉండగా మరొకటి దేనికి అనిపించవచ్చు. రెండూ చేసే పని వేరు. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం ఎంత కాగినా పోదు. కాగేకొద్దీ పచ్చివాసన మాత్రం పోయి, పులుపు గుండ్రంగా, లోతుగా మారుతుంది. మామిడికాయ పులుపు తేలిక, దానికి సువాసన ఉంది. ఎక్కువ ఉడికితే ఆ సువాసన పోతుంది. అందుకే చింతపండు మొదట్లో, మామిడికాయ చివర్లో.

పులుపు రుచి కోసమే కాదు, శాస్త్రం కూడా దాని పక్షానే ఉంది. సముద్రపు చేప చచ్చాక సూక్ష్మజీవుల వల్ల దాని కండలో ట్రైమిథైలమైన్ అనే పదార్థం పుడుతుంది. నీచు వాసన దానిదే. అది క్షార గుణం గలది కాబట్టి ఆమ్లం తగిలితే బంధించుకుపోయి, ఆవిరిగా పైకి లేవదు. చెరువు చేపల్లో వచ్చే మట్టి వాసనకు కారణమైన జియోస్మిన్ కూడా ఆమ్లంలో విరిగిపోతుంది. పులుపు కండను కాస్త బిగిస్తుంది, సూక్ష్మజీవులు పెరగడాన్నీ నెమ్మదింపజేస్తుంది. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో పులుసు మర్నాటి దాకా ఉండగలిగింది ఈ గుణం వల్లే.

పాత్ర కూడా ఈ లెక్కలోదే. పులుపు అల్యూమినియంను తింటుంది, కళాయి లేని ఇత్తడిలో చిలుం పట్టిస్తుంది. మట్టిచట్టికి ఆ బాధ లేదు. అది ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగా చల్లారుతుంది. మంట తీసేశాక కూడా చాలాసేపు లోపల పులుసు సన్నగా కదులుతూనే ఉంటుంది.

చట్టి పొయ్యెక్కాక

చట్టి వేడెక్కాక నువ్వుల నూనె ధారాళంగా పోస్తారు. కొందరు వేరుశనగ నూనె వాడతారు గాని, పులుసుకు నువ్వుల నూనే నప్పుతుందన్నది పాతవాళ్ళ మాట. ఆవాలు, మెంతులు, కరివేపాకు, చితక్కొట్టిన తెల్లగడ్డలు. మెంతులు మాడితే పులుసంతా చేదు, కాబట్టి ఎర్రబడుతుండగానే ఎర్రగడ్డల ముక్కలూ చీల్చిన పచ్చిమిరపకాయలూ పడాలి. అవి మగ్గాక టమోటా. అది కరిగి నూనె వదిలాక కారం, ధనియాలపొడి, పసుపు, ఉప్పు. కారాన్ని నూనెలో ఒక్క నిమిషం తిప్పడం ముఖ్యం. మిరపలోని ఘాటూ రంగూ నూనెలోనే కరుగుతాయి, నీళ్ళలో కరగవు. పోర్చుగీసువాళ్ళ రాకతో 16వ శతాబ్దంలో మన దేశానికి మిరప వచ్చేదాకా వంటలో ఘాటు అంటే ముఖ్యంగా మిరియమే. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఆఖరి పొడిలో మిరియాలు పడతాయి.

తర్వాత చింతపండు రసం. కిలో చేపకు పెద్ద నిమ్మకాయంత పాత చింతపండు సరిపోతుంది. అసలు వంట ఇక్కడ మొదలవుతుంది. పులుసు మొదట పలచటి నురగతో, పెద్ద పెద్ద బుడగలతో పొంగుతుంది. చింతపండు పచ్చివాసన ముక్కుకు గుచ్చుకుంటుంది. మంట తగ్గించి వదిలితే ఇరవై నిమిషాలకు నురగ అణిగిపోతుంది. బుడగలు చిన్నవై, బరువుగా పగులుతాయి. అంచుల వెంట ఎర్రటి నూనె గీత కడుతుంది. 'పులుసు కాగింది' అని అప్పుడు అంటారు. ఆ గీత కనపడకముందే చేప వేస్తే, పులుసు కాగేలోపు చేప అతిగా ఉడుకుతుంది. చేప కండ దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ వేడికే గట్టిపడుతుంది. దానికి కావలసింది పది పన్నెండు నిమిషాలే. గట్టి కొర్రమీనుకైతే కాస్త ఎక్కువ. పులుసుకు ఎంత ఓపిక పట్టాలో చేపకు అంత జాగ్రత్త పడాలి.

చేప పడ్డాక గరిటె పక్కన పెట్టాలి. ఉదయగిరి చెక్క గరిటెలకు పేరున్న జిల్లా ఇది. అయినా ఈ ఒక్క వంటలో ఆ గరిటెకు చివర్లో పని లేదు. "గరిటె పెట్టబాకమ్మా, ముక్క ఇరిగిపోద్ది" అని కోడళ్ళకు అత్తలు చెప్పే మాట తరాలుగా వినపడుతూనే ఉంది. రెండు చేతులకూ గుడ్డ పట్టుకుని, చట్టి మెడను పట్టి, కొద్దిగా ఎత్తి ఎడమకు ఒకసారి, కుడికి ఒకసారి తిప్పుతారు. పులుసు ముక్కల మీదుగా పొర్లి వెనక్కి వస్తుంది. ముక్క తన చోటు నుంచి కదిలీ కదలనట్టు కదులుతుంది. మామిడికాయ ముక్కలు అప్పుడే పడతాయి. ఆఖర్న వేయించి దంచిన మెంతులు, జీలకర్ర, ధనియాల పొడి చల్లి, మంట ఆర్పి, మూత పెడతారు. ఆ పొడి ముందే పడితే సువాసన ఆవిరవుతుంది, మెంతి చేదు తేలుతుంది.

ఇక మిగిలింది ఎవరూ ఏమీ చెయ్యని పని. పులుసును వదిలెయ్యాలి. ఉప్పు, పులుపు, కారం ముక్క మధ్యలోకి మెల్లగా దిగుతాయి. ఎముకల జిగురు చల్లారేకొద్దీ పులుసును దగ్గరికి చేరుస్తుంది. విడివిడిగా తగిలిన రుచులు ఒకటవుతాయి. నాలుగైదు గంటలు కనీసం. రాత్రి వండి పొద్దున తింటే ఇంకా మేలు. నెల్లూరులో రాత్రి పులుసును పొద్దున దోసెలతో తినడం మిగిలిపోయింది కదా అని కాదు. మిగలాలనే ఓ చట్టి ఎక్కువ వండుతారు.

తీర్పు ఎలా చెప్పాలి

విస్తరి ముందు కూర్చున్నాక మొదట ముక్కను చూడండి. అంచులు చెదరకుండా నిలవాలి, వేలితో తాకితే పొరలు పొరలుగా విడిపోవాలి. ముక్కను విరిచి, లోపలి కండను పులుసు తగలకుండా విడిగా నోట్లో వేసుకోండి. దానికి ఉప్పూ పులుపూ పట్టి ఉంటే వంట నిలిచింది. ఎముక దగ్గర చప్పగా ఉంటే అప్పటికప్పుడు కలిపింది. తర్వాత మామిడికాయ ముక్క: ఆకారం నిలవాలి, నొక్కితే పేస్టులా నలగాలి. ఆపైన అన్నంలో పులుసు. నీళ్ళలా విస్తరి అంచుకు పరుగెత్తితే కాగలేదు. గ్రేవీలా మెతుకు మీద గడ్డలుగా కూర్చుంటే అందులో చిక్కదనానికి మరేదో కలిసింది. మెతుకు మెతుకుకూ పట్టి మెరవాలి. చివరగా చెయ్యి కడుక్కున్నాక వాసన చూడండి. మెంతి, నూనె, మామిడి వాసన మిగిలితే మంచి వంట. నీచు మిగిలితే చేప దగ్గరో, శుభ్రం దగ్గరో పొరపాటు జరిగింది.

కారానికి ఈ జాబితాలో చోటు లేదు. నెల్లూరు పులుసు కారంగానే ఉంటుంది; కారంగా ఉన్నదల్లా నెల్లూరు పులుసు కాదు.

ఈ రుచి నిలవాలంటే దాని కొలతలూ నిలవాలి. ప్రపంచంలో తమ వంటను అలా కాచుకున్న ఊళ్ళున్నాయి. ఇటలీలో నేపుల్స్ నగరం తన పిజ్జాకు పిండి ఎంతసేపు ఊరాలో, పొయ్యి ఎంత వేడి ఉండాలో రాసిపెట్టడానికి 1984లో ఒక సంఘమే పెట్టుకుంది. అక్కడి పిజ్జా చేతిపనిని 2017లో యునెస్కో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నెల్లూరు పులుసు కొలతలు ఇప్పటికీ ఎక్కువగా ఇళ్ళలో, పెద్దవాళ్ళ చేతి అంచనాల్లో ఉన్నాయి. వాళ్ళు వండుతుండగా పక్కన నిలబడి, ఏ చేపకు ఎంత పులుపు, ఎంతసేపు కాగాలి అన్నది రాసుకోవడం ఈ తరం చెయ్యాల్సిన పని. రుచిని కాపాడటానికి రుచి గుర్తుంటే చాలదు, పద్ధతి తెలిసి ఉండాలి.

బయట తినేవాళ్ళ చేతిలోనూ ఒక పని ఉంది. పెద్ద బోర్డు కంటే చిన్న మెస్సు నయం కావచ్చు, రోజుకు ఒకే చట్టి వండి అయిపోగానే తలుపు వేసే చోటు ఇంకా నయం. లోపలికి వెళ్ళాక ఇవాళ ఏం చేప, మామిడికాయ పడిందా, ఎప్పుడు వండారు అని అడగండి. 'రాత్రి వండింది' అని జవాబు వస్తే సంతోషంగా కూర్చోండి. 'పది నిమిషాల్లో చేసిస్తాం' అంటే వేపుడు తిని రండి. అలా అడిగేవాళ్ళు పెరిగినచోట వండేవాళ్ళు రాత్రే చట్టిని పొయ్యి ఎక్కిస్తారు, నెల్లూరు పేరు పెట్టుకున్న బోర్డు వెనకాల నెల్లూరు పులుసే దొరుకుతుంది.