ఎటు మొదలవుతుందో చెప్పేవాళ్లు

జెద్దాలోని షరఫియాలో బోర్డుల మీద అరబ్బీ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి. ఇక్కడి దుకాణానికి వెబ్‌సైటు కట్టే తెలుగు కుర్రాడికి మొదటి చిక్కు అదే. పేజీని కట్టే భాష హెచ్‌టీఎంఎల్‌లో ‘డిర్’ విలువ ‘ఆర్‌టీఎల్’ అని ఇస్తే పేజీ దిశ కుడి నుంచి ఎడమకు మారుతుంది. కానీ పేజీ రూపాన్ని తీర్చే సీఎస్‌ఎస్‌లో ‘మార్జిన్-లెఫ్ట్’ అని వదిలిన ఖాళీ ఎడమనే ఉండిపోతుంది. ‘మార్జిన్-ఇన్‌లైన్-స్టార్ట్’ అని రాస్తే, రాత ఎటు మొదలైతే ఖాళీ అటే వస్తుంది. ఈ కిటుకు అతనికెవరు చెబుతారు? 2005లో మొజిల్లా సంస్థ మొదలుపెట్టిన వెబ్ పాఠాల సైటు ఎమ్‌డీఎన్ చెబుతుంది. వివరణ, అక్కడికక్కడే మార్చి చూసుకునే ఉదాహరణ, ఏ బ్రౌజర్లో పనిచేస్తుందో చూపే పట్టిక, అన్నీ అందులో ఉంటాయి. ఆ పట్టిక అంటే నాకు ప్రత్యేక గౌరవం. బ్రౌజర్లు మారినప్పుడల్లా ఎవరో ఒకరు ఓపిగ్గా దాన్ని సరిచేస్తుండాలి. ఇక వివరణల్లో, కొత్తవాడు ఎక్కడ తడబడతాడో ముందే ఊహించి రాయడం గొప్ప పనితనం. అక్కడ నేర్చుకున్నవాళ్లు తప్పు కనిపిస్తే దిద్దండి. ఆ వీలు అందరికీ ఉంది.