తిరగేసి చెక్కిన సీమ

నేను మొట్టమొదట చెక్కిన బుడ్డకాయ అచ్చును కాగితం మీద అద్ది చూపిస్తే, పక్కింటి పిల్లవాడు "ఎనిమిదా సార్?" అన్నాడు. వేరుశనగను కర్నూలు వైపు బుడ్డలంటాం, కడప వైపు శెనిక్కాయలంటారు. ఏ పేరుతో పిలిచినా ఎనిమిది అంకె మాత్రం కాదు. రెండోసారి పొట్టు మీద వలలాంటి గీతలు సన్నగా తవ్వి, ఒక కొసన చిన్న ముక్కు వదిలాను. ఈసారి వాడు ఏమీ అడగకుండా, అచ్చు లాక్కుని తన లెక్కల పుస్తకం అట్ట నిండా బుడ్డలు పండించాడు. రబ్బరు అచ్చులో రంగుల మాయ ఉండదు, వెలుగునీడల మెలకువా ఉండదు. ఉన్నది ఉంది, లేనిది లేదు. ఏ వస్తువునైనా అదిగా నిలబెట్టేది ఏదో తేల్చుకున్నాకే బ్లేడు పట్టాలి.

అద్దడం మనకు కొత్త విద్యేమీ కాదు. శుభలేఖ నాలుగు మూలలా వేలితో పెట్టే పసుపు అచ్చే. మందలో కలిసిపోకుండా గొర్రె వీపున వేసే రంగు గుర్తూ అచ్చే. చిన్నప్పుడు బెండకాయను అడ్డంగా కోసి, సిరాలో ముంచి పూలు అద్దని వాళ్లు ఉంటారా? కోస్తాలో పెడన పనివాళ్లు టేకు దిమ్మెలను చెక్కి బట్టల మీద అద్దేది కూడా ఇదే సూత్రంతో. రబ్బరు ఈ వరసలో ఆలస్యంగా చేరింది. గంధకంతో ఉడికించి రబ్బరును గట్టిపరిచే పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. ఆ తర్వాత ఒకటి రెండు దశాబ్దాలకే రబ్బరు ముద్రలు పుట్టాయి. మన ఊళ్లలో వాటిని సీళ్లంటాం. కోర్టు పక్కనో కలెక్టరేటు ఎదురుగానో చిన్న బంకులో కూర్చుని సీళ్లు చేసేవాళ్లు సీసం అక్షరాలు పేర్చి, ప్లాస్టర్‌తో మూస తీసి, అందులో రబ్బరు పెట్టి వేడి మీద నొక్కేవాళ్లు. ఇప్పుడా పని యంత్రం నిమిషాల్లో చేస్తోంది. అందుకే చేతి అచ్చుకు ఆఫీసు చాకిరీ తప్పింది. అది ఇక బొమ్మలు వేసుకోవచ్చు.

ముడిసరుకు పెద్దగా అక్కర్లేదు. పెన్సిలు గీతలు చెరిపే తెల్ల రబ్బరు, కొత్త బ్లేడు, లినోలియం చెక్కే సన్నపాటి ఉలి ఒకటి ఉంటే చాలు. హవాయి చెప్పు అట్టతోనూ చేయొచ్చు గానీ దాని నిండా బుడగలు, సన్న గీత నిలవదు. పెద్ద బండరాయో కోటగోడో చెక్కాలంటే మాత్రం ఆ బుడగల గరుకుతనమే పనికొస్తుంది. బొమ్మను పల్చటి కాగితం మీద మెత్తటి పెన్సిలుతో గీసి, రబ్బరు మీద బోర్లించి వెనక నుంచి గోటితో రుద్దితే తిరగేసిన బొమ్మ దిగుతుంది. ఇక చెక్కడం. బ్లేడు నిటారుగా దించకూడదు. గీత నుంచి బయటికి వాలుగా కోయాలి. అప్పుడే మిగిలిన గట్టుకు అడుగు వెడల్పుగా ఉండి, పదిసార్లు అద్దినా ఒరగదు. లోపలికి కోస్తే రెండో అద్దుకే అది మడత పడుతుంది. వంపు దగ్గర తిప్పాల్సింది బ్లేడును కాదు, రబ్బరును. మన లిపి అంతా వంపులే కాబట్టి ఈ ఒక్కటి అలవాటైతే సగం పని నేర్చినట్టే. అక్షరాల పొట్టలు ముందు తవ్వి, చుట్టూ ఉన్నది తర్వాత తీయాలి. వరస మారితే సన్నటి గట్టు తెగిపోతుంది.

అక్షరాల సంగతి వచ్చింది కాబట్టి కడప కథ చెప్పాలి. ఆ పేరు చెక్కబోయిన ఒకాయన ఒక్కో అక్షరాన్నీ బుద్ధిగా తిరగేశాడు గానీ, వరస తిప్పడం మరిచాడు. కాగితం మీద 'పడక' పడింది. సరిగ్గా చెక్కితే రబ్బరు మీద ఎడమ నుంచి ప, డ, క రావాలి, ఒక్కోటీ అద్దంలో చూసినట్టుండాలి, తలకట్టు కొస ఎడమకు లేవాలి. ఇలా రెండు వైపులా చదివే అలవాటు ఈ నేలకు పాతదే. పత్తికొండ దగ్గరి ఎర్రగుడిలో అశోకుడి చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, కొన్ని కుడి నుంచి ఎడమకూ నడుస్తాయి, నాగలి చాలు తిరిగినట్టు. కడప జిల్లా కలమళ్లలో సుమారు 575 నాటి రేనాటి చోళుల శాసనం ఉంది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనంగా దాన్ని చెప్పుకుంటాం. ఆ అక్షరాలు ఇప్పటి అక్షరాలంత గుండ్రంగా ఉండవు. ఉలికి లొంగేలా ఉంటాయి. బ్లేడు పట్టిన చేతికి అవే సులువు.

బొమ్మల విషయంలో నాకు కొంచెం మొండితనం ఉంది. కర్నూలు అనగానే అందరూ కొండారెడ్డి బురుజు చెక్కుతారు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరికి గుర్తు అదే అయినందుకు తప్పు పట్టను. 'ఒక్కడు' సినిమా వచ్చాక అది రాష్ట్రమంతా తెలిసిపోయింది కూడా. కానీ అదే వరస సినిమాలు కత్తులూ సుమోలూ చూపించి సీమ మీద వేసిన ముద్ర ఉంది చూశారా, దాని పక్కన ఇంకో ముద్ర వేయాలంటే బురుజు చాలదు. కాడి, గొర్రు, జొన్నకంకి, సంగటి ముద్ద, పాత కర్నూలు జిల్లా బనగానపల్లె మామిడికాయ. ఆ మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గండికోట దగ్గర పెన్న కోసిన లోయ కావాలంటే, అసలు లోయను చెక్కకండి. రెండు గట్లు చెక్కి, మధ్య తెల్ల కాగితాన్ని వదిలేయండి. ఎండకు నీడలు కత్తిరించినట్టు పడే నేల మాది. నలుపు తెలుపుల అచ్చుకు ఇంతకంటే అనువైన దేశం ఉంటుందా?

నాకిష్టమైనది కలివికోడి. ఇక లేదనుకున్న ఈ పిట్ట 1986లో కడప జిల్లా లంకమల వైపు పొదల్లో మళ్లీ కనిపించింది. రెండేళ్లకు, 1988లో, తపాలా శాఖ దాని బొమ్మతో స్టాంపు కూడా వేసింది. రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు, కళ్లు పెద్దవి, కాళ్లు పొడవు. ఆ పట్టీలు రెండూ తవ్వితే చాలు, ఏ పిట్టో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

అద్దేటప్పుడు అచ్చును ప్యాడ్ మీద గుద్దకండి. సీళ్లు గుద్దే గుమాస్తాల అలవాటది. అచ్చును వెల్లకిలా పట్టుకుని, ప్యాడ్‌తోనే దాని మొహం మీద మెల్లగా తట్టాలి. కాగితం కింద నాలుగు పొరల పాత నోటుపుస్తకం, దాని కింద కడప బండ. చదునుకు అంతకు మించిన బల్ల లేదు. బేతంచెర్ల నాపరాయి అయినా సరే. అరచేతితో నిలువుగా నొక్కి, ఊపకుండా ఎత్తాలి. ఒకసారి సిరా పట్టించి వరసగా మూడుసార్లు అద్దితే మొదటిది కాటుకలా, రెండోది బూడిదలా, మూడోది పొగలా వస్తుంది. ఓర్వకల్లు రాళ్లను ఇలాగే ముందుకూ వెనక్కూ నిలబెట్టొచ్చు. ఒక్క అచ్చుతో నల్లమల వరసలన్నీ వచ్చేస్తాయి. మంద కావాలంటే ఇంకో కిటుకుంది. మొదటి గొర్రెను కార్డు మీదా, వేరే కాగితం మీదా అద్ది, కాగితం మీదిదాన్ని కత్తిరించి, ఆ ముక్కను కార్డు మీది గొర్రెకు కప్పి, పక్కన రెండోదాన్ని సగం దాని మీదికి వచ్చేలా అద్దండి. ముక్క తీసేస్తే రెండోది మొదటిదాని వెనక నిలబడి ఉంటుంది.

సిరా కొన్నదైతే నలుపు, ఎరుపు, నీలం. నీలం వాడినప్పుడల్లా పందొమ్మిదో శతాబ్దంలో కడప పొలాల్లో పండి ఓడలెక్కిన నీలిమందు గుర్తొస్తుంది. కాయ నుంచే రంగు తీయాలనుకుంటే కాళహస్తి కలంకారీ వాళ్ల దారి ఉంది: కరక్కాయ రసం పట్టించిన కాగితం మీద తుప్పు పట్టిన ఇనుము బెల్లంతో నానిన నీళ్లు తగిలితే నల్లబడుతుంది. నీళ్లు పల్చన, కాబట్టి గంజి కలిపి చిక్కబరచాలి. నా చేతిలో ఇది నాలుగింట ఒకసారే కుదిరింది.

బజారులో దొరికే గ్రీటింగు కార్డు మీద గులాబీలుంటాయి, మంచు కురిసిన ఇల్లుంటుంది. కర్నూల్లో మంచు! ఉగాదికి మా చెల్లెలికి నేను పంపే కార్డు మీద వేపపువ్వూ బనగానపల్లె పిందే ఉంటాయి. ఆ పింద అచ్చు మూడేళ్లు వాడినా అరగలేదు. సీమ మీద అభిమానాన్ని కూడలిలో ఫ్లెక్సీ కట్టి చూపేవాళ్లున్నారు. నాది బొటనవేలంత. వందసార్లు అద్దొచ్చు, ఏ రెండూ ఒకేలా రావు.

మే నెలలో ఈ పని పెట్టుకోవద్దు. ప్యాడ్ గంటలో ఎండుతుంది, రెండు చుక్కలు గ్లిజరిన్ వేస్తే కాస్త నిలుస్తుంది. అచ్చుల్ని ప్లాస్టిక్ డబ్బాలో దాచకండి. వేడిలో తెల్ల రబ్బరు డబ్బాకే అతుక్కుంటుంది. నా మొదటి కలివికోడి అలాగే పోయింది. రెండోదాన్ని పోస్టుకార్డు మీద అద్ది కడపకు పంపాను. అందిన కార్డును మా చెల్లెలు ఫొటో తీసి పంపింది. పోస్టాఫీసు వాళ్ల గుండ్రటి నల్ల ముద్ర వంకరగా వచ్చి పిట్ట కాళ్ల మీద కూర్చుంది. గూడు కట్టినట్టే ఉందన్నా అని కింద రాసింది.