అచ్చం పాపికొండల్లాగే!

విహారయాత్రల మీద మనవాళ్ళు రాసే వ్యాసాలు ఏటా వేసవి వెళ్ళగానే నాలుగైదైనా చదువుతూంటాం. మన సంఘం సంచికల్లోనే కాదు, సరిహద్దు కవతల ఉన్న సాటి సంఘాల సంచికల్లోనూ వాటి తీరు ఒకటే. తెల్లవారుజామున ఎన్ని కార్లు బయలుదేరాయి, ఎవరి కారులో పులిహోర, ఎవరి కారులో పెరుగన్నం, దారిలో ఎవరు తప్పిపోయారు, మధ్యాహ్నం వాన పడిందా లేదా, ఇల్లు చేరేసరికి ఎన్ని గంటలయింది - వీటి మధ్య ఎక్కడో ఒక్క వాక్యంలో అసలు చూడబోయిన చోటు తళుక్కుమని మాయమవుతుంది. ఆ వాక్యం మాకు కంఠతా వచ్చు. ప్రకృతి శోభ వర్ణనాతీతం, అచ్చం మన పాపికొండల్లాగే ఉంది!

వర్ణనాతీతమని చేతులెత్తేసిన తర్వాత వ్యాసం రాయడమెందుకని అడిగితే కటువుగానే ఉంటుంది. అయినా విమర్శకు కూర్చున్నాక అడక్క తప్పదు. పులిహోరతో మాకేమీ పేచీ లేదు. పేచీ అంతా ఆ పాపికొండలతోనే.

తెలుగులో యాత్రారచన నిన్న మొన్న పుట్టింది కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న బయలుదేరి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీ వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో మద్రాసు చేరాడు. దారి పొడుగునా స్నేహితుడికి రాసిన ఉత్తరాలే ఆయన పోయాక 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. అందులో వర్ణనాతీతాలు బహు తక్కువ. ఈ మజిలీ నుంచి ఆ మజిలీకి దారి ఎలాంటిది, నేల ఇసకా రాయా, నీళ్ళు మంచివా కావా, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, ఊళ్ళో ఏ వృత్తులవాళ్ళున్నారు - ఇవీ ఆయన చూసినవి. తర్వాత వచ్చేవాడికి పనికిరావాలన్న ధ్యాస ప్రతి పేజీలోనూ ఉంటుంది. అంత పుణ్యయాత్రకు వెళ్ళినవాడే బావి నీళ్ళ రుచి గురించి రాయడం చిన్నతనం అనుకోలేదు. ఒక రోజు షికారుకు వెళ్ళొచ్చిన మనం దాన్ని చిన్నతనం అనుకుంటున్నాం.

ఆయన కళ్ళతో మన చుట్టుపక్కల ఒకసారి చూద్దాం. గ్వెల్ఫ్ నుంచి అరగంటలో ఎలోరా. పేరు వినగానే మనవాళ్ళు నవ్వుతారు, ఏలూరువాళ్ళయితే మరీనూ. ఆ నవ్వు దగ్గర ఆగకుండా ఇంకొక్క అడుగు వేసినవారు తక్కువ. 1832లో ఈ ఊరు వేయించిన కెప్టెన్ గిల్కిసన్ తన సోదరుడి ఓడ పేరు దీనికి పెట్టాడు. ఆ ఓడకు ఆ పేరు ఔరంగాబాదు దగ్గరి ఎల్లోరా గుహల నుంచి వచ్చింది. మనకంటే ముందే మన దక్కను పేరొకటి ఓడెక్కి ఈ నది ఒడ్డున దిగిందన్నమాట. ఇంతకంటే మంచి ముడిసరుకు ఏ వ్యాసకర్తకు దొరుకుతుంది?

ఇక ఆ చోటు. మనం 'గార్జ్' అని రాసేసి ఊరుకుంటాం. తెలుగులో దానికి శుభ్రమైన మాట ఉంది, గండి. పెన్న ఎర్రమల కొండల్ని కోసిన చోటు గండి కాబట్టే అది గండికోట అయింది. గ్రాండ్ నది ఇక్కడ సున్నపురాతి జాతి బండల్ని సుమారు 22 మీటర్ల లోతుకు కోసింది. 40 కోట్ల సంవత్సరాలకు పైబడిన రాయి అది. ఒకప్పటి వెచ్చని సముద్రంలో పగడపు దిబ్బల మీద పేరుకున్నది. ఈ ప్రాంతపు ఆ రాతిపొరకు భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మన ఊరి పేరే, గ్వెల్ఫ్ ఫార్మేషన్. జనవరిలో కారు అద్దాల మంచు గీకుతూ తిట్టుకునే మనం, పగడాలు పెరిగిన సముద్రం అడుగున కాపురముంటున్నాం.

ఆగస్టులో పిల్లలు శిరస్త్రాణమూ లైఫ్ జాకెట్టూ తగిలించుకుని ట్యూబుల మీద ఆ గండిలో తేలిపోతారు. ఆ నీళ్ళెక్కడివి? ఫెర్గస్‌కు ఎగువన 1942లో కట్టిన షాండ్ డ్యాము నుంచి వదిలినవి చాలా మటుకు. అంతకుముందు ఈ నది వసంతంలో ఊళ్ళ మీద పడేది, ఎండాకాలంలో సన్నబడి మురికి పారేది. ఏప్రిల్‌లో కరిగే మంచునీళ్ళను నిలవబెట్టి, ఎండాకాలంలో కొద్దికొద్దిగా వదలడానికి ఆ కట్ట కట్టారు. ధవళేశ్వరం పాత ఆనకట్ట (1852) నీటిమట్టం ఎత్తి కాలువల్లోకి మళ్ళించేది. ఇది నిలవచేసి నదికే తిరిగి ఇస్తుంది. గోదావరి జిల్లాలవాళ్ళు ఇంతమందిమి ఉన్నాం, ఈ తేడా ఒక్కరైనా రాయలేదేమని మా ఆశ్చర్యం.

పోలికే వద్దనడం లేదు. చూపును ముందుకు నడిపే పోలిక ఒకటుంది, అక్కడితో కట్టేసే పోలిక ఇంకొకటుంది. రాక్‌వుడ్ పావుగంట దూరం. ఎరమోసా నది పక్క బండల్లో వందల కొద్దీ గుండ్రటి గోతులుంటాయి. హిమయుగం చివర కరిగిన నీటి సుడిలో రాళ్ళు తిరిగి తిరిగి తొలిచినవి. 'రుబ్బురోట్లో పొత్రం తిరిగినట్టు' అని చెప్పండి, ఇక్కడ పుట్టిన పిల్లకు రోలూ తెలుస్తుంది, గోయీ తెలుస్తుంది. 'అచ్చం పాపికొండలు' అంటే ఆ పిల్లకు రెండూ తెలియవు. పాపికొండలు ఆ పిల్ల చూడలేదు, ఎదురుగా ఉన్నదాన్ని మనం చూపలేదు. మన పిల్లలకు సొంత ఊరు ఇదే. వాళ్ళ ఊరి నదిని గురించి తెలుగులో రాయగలవాళ్ళం మనమే. మన తెలుగు ఎప్పుడూ ఇంకెక్కడిదో చోటు గురించే మాట్లాడితే, ఆ భాష తాతగారింటి సామానని పిల్లలు అనుకోవడంలో వింత లేదు.

గ్వెల్ఫ్ పుట్టుక కూడా ఇటువంటి కథే. కెనడా కంపెనీ భూములు అమ్మిపెట్టడానికి వచ్చిన జాన్ గాల్ట్ 1827 ఏప్రిల్ 23న ఈ ఊరికి పునాది వేశాడు. ఆయన స్కాట్లండు నవలాకారుడు. ఒక పల్లె పురోహితుడు తన ఊరి సంగతులు ఏడాదికేడాది చెప్పుకుపోయే నవల 1821లోనే రాసి ఉన్నాడు. గాల్టు 1779లో పుట్టాడు, వీరాస్వామయ్య 1780లో. ఒకరు ఈ కంపెనీ కొలువు, మరొకరిది ఆ కంపెనీ ఏలుబడి. ఇద్దరికీ చిల్లర వివరాల మీద గౌరవం ఉంది.

వీరాస్వామయ్యను నెత్తిన పెట్టుకోమని మేమనడం లేదు. ఆయన పల్లకీలో వెళ్ళాడు. కొండలూ అడవులూ దాటించింది బోయీల భుజాలు. ఆ భుజాలవైపు నుంచి చూస్తే అది వేరే పుస్తకం అవుతుంది. మన వ్యాసాల్లోనూ అటువంటి పల్లకీలున్నాయి. వెస్ట్ మాంట్రోజ్‌లో 1880-81లో కట్టిన కప్పు వంతెన మీదికి మెనొనైటుల గుర్రబ్బండి రాగానే కెమెరాలు లేస్తాయి. తమను ఫొటో తీయడం వాళ్ళలో సనాతనులకు గిట్టదు. ఆ వంతెనకు కప్పెందుకో, వానకూ మంచుకూ కింది కలప కుళ్ళకుండా అని, రాసినవారూ లేరు. 1784లో హాల్డిమండ్ దస్తావేజుతో ఈ నదికి ఇటూ అటూ ఆరేసి మైళ్ళు, సుమారు 9,50,000 ఎకరాలు, సిక్స్ నేషన్స్ వారికి ఇస్తామన్నారు. వారికిప్పుడు మిగిలింది 46,000 ఎకరాలు. 1995 నుంచి కోర్టులో వ్యాజ్యముంది. ఎలోరా, ఫెర్గస్ రెండూ ఆ పట్టీలోవే. 'ఎవరూ లేని ప్రశాంత ప్రకృతి' అని రాసే ముందు ఎవరు ఎందుకు లేరో ఒక్క వాక్యం రాస్తే సంచిక బరువేమీ పెరగదు.

ఈ అక్టోబరులో ఆకులు ఎర్రబడ్డాక ఎలోరా గురించి ఎవరో ఒకరు రాయక మానరు. గండి అడుగుకు దిగాలంటే రాతి మధ్యగా మెట్లున్నాయి, వానపడితే జారతాయి. వేసవికి వచ్చి మోకాళ్ళు పట్టుకుని కూర్చునే అమ్మానాన్నలకు పై గట్టు మీదే చెట్ల నీడన దారి ఉంది, నది అంతా కనిపిస్తుంది. ఇన్ని వ్యాసాల్లో ఆ దారి సంగతి ఒక్కదానిలోనూ మాకు కనబడలేదు.