వెయ్యి అంటే ఎంత?

ఎనిమిది గడులు. ఎడమవైపు ఫీబీ, కుడివైపు జోయి. ఆమె ఒక ముక్క పలుకుతుంది, అతను అదే పలుకుతాడు. రెండో ముక్కా సరిగ్గానే అంటాడు, మూడోదీ అంతే. నాలుగో వరుసలో ఆమె మూడూ కలిపి చెబుతుంది. జోయి మొహం వెలిగిపోతుంది. నోట్లోంచి మాత్రం దాంతో ఏ సంబంధమూ లేనిదేదో వస్తుంది.

అమెరికన్ టీవీ సీరియల్ 'ఫ్రెండ్స్' పదో సీజన్‌లో, 2004 ఫిబ్రవరి 12న ప్రసారమైన ఎపిసోడ్‌లోది ఈ దృశ్యం. నటుడైన జోయి తనకు ఫ్రెంచ్ వచ్చని రెజ్యూమేలో అబద్ధం రాసుకుంటాడు. తీరా ఆడిషన్ నెత్తిమీదికి వచ్చాక ఫీబీని ఆశ్రయిస్తాడు. 'నా పేరు క్లాడ్' అనే ఒక్క వాక్యం నేర్పడానికి ఆమె నానా తంటాలు పడుతుంది. విడివిడిగా అక్షరం పొల్లుపోదు, కలిపితే 'మీ పూ పూ'! సీరియల్ ఆ ఏడాది మే నెలలోనే ముగిసింది. ఈ ఎనిమిది గడులు మాత్రం మీమ్‌గా ఇప్పటికీ చేతులు మారుతూనే ఉన్నాయి. చెప్పిందొకటి, విన్నదొకటి అయిన ప్రతిచోటా ఎవరో ఒకరు వీటిలో కొత్త మాటలు నింపుతారు. ఆ నింపడం చూసినంత తేలిక కాదు.

ముందు బొమ్మ సంగతి. 'ఫ్రెండ్స్‌'ను ఎక్కువగా స్టూడియోలో ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి, ఒకేసారి పలు కెమెరాలతో తీసేవారు. జనం నవ్వుతుంటే తర్వాతి మాట అనకూడదు, నవ్వు దిగేదాకా నటుడు ఆ మొహాన్ని అలాగే పట్టి ఉంచాలి. మన నాటకాలవాళ్లకు ఈ విద్య కొత్తేమీ కాదు, చప్పట్లు ఆగేదాకా భంగిమ సడలనివ్వరు. అలా నిలిపిన మొహం కాబట్టే వీడియో ఎక్కడ ఆపినా బొమ్మ చెదరదు. పైగా మాట్లాడేవారికి, వినేవారికి విడివిడి షాట్లు. గడులు ముందే కోసిపెట్టినట్టే.

ఇక క్యాప్షన్. వంటింటి నుంచే మొదలుపెడదాం. ఫీబీ గడుల్లో 'చిటికెడు', 'ఉప్పు', 'వెయ్యి' అని రాయండి, జోయి గడుల్లోనూ అవే. చివర ఆమె 'చిటికెడు ఉప్పు వెయ్యి' అంటుంది, అతను 'వెయ్యి చిటికెలు ఉప్పు' అంటాడు. నవ్వు వస్తుంది. ఎందుకంటే వెయ్యమనడానికీ వెయ్యికీ మనకు మాట ఒకటే. కానీ ఇది శ్లేష నవ్వు, ఒకసారికే. రెండోసారి చూస్తే అక్కడ మనిషి కనపడడు, మాటే కనపడుతుంది.

ఇప్పుడు ఫీబీ స్థానంలో డాక్టరుగారిని పెట్టండి. 'అన్నం', 'తగ్గించి', 'నడక పెంచండి'. పేషెంటు మూడూ బుద్ధిగా అప్పజెప్పాడు. కలిపి చెప్పమంటే, 'అన్నం పెంచి, నడక తగ్గించాలి కదండీ!' ఒక్క ముక్కా పోలేదు, కొత్తదీ చేరలేదు. అతుకు మాత్రం అతని ఇష్టప్రకారం పడింది. నా లెక్కలో మంచి క్యాప్షన్ ఇదే. తప్పు చెవిది కాదు, కోరికది. చూసేవాడు నవ్వుతూనే తన పొట్ట ఒకసారి తడుముకుంటాడు.

ముక్కలు కోయడంలోనూ కిటుకుంది. సీరియల్లో ఫీబీ అక్షరాల దగ్గర విరిచింది, ఎందుకంటే ఆ భాష జోయికి రాదు. తెలుగు క్యాప్షన్లో ఆ పని చేస్తే చెడుతుంది. 'తగ్గిం', 'చి' అని విరిస్తే ఎవరికేం పట్టింది? అర్థం ఎక్కడ తెగుతుందో అక్కడే కోత పడాలి. మొదటి మూడు వరుసల్లో ఎంత చప్పగా ఉంటే అంత మంచిది. చాలామంది తొందరపడి రెండో వరుసలోనే చమత్కారం ఒలకబోస్తారు, చివరికి వచ్చేసరికి గిన్నె ఖాళీ. ఆఖరి గడి పక్కన నవ్వు బొమ్మలు అతికించేవాళ్ల గురించి ఏమీ అనను.

తెలుగు ఈ ఆటకు బాగా లొంగుతుంది. క్రియ చివర వస్తుంది గనక దెబ్బ దానంతటదే ఆఖరి గడిలో పడుతుంది. దేన్ని గురించి అంటున్నామో చెప్పకుండా వదిలేసే అలవాటూ మనకుంది. 'పాల ప్యాకెట్ ఒకటి తీసుకురా, గుడ్లుంటే ఆరు తే' అని పంపితే, గుడ్లు కనిపించాయని ఆరు పాల ప్యాకెట్లు తెచ్చే ప్రోగ్రామర్ జోకు ప్రపంచమంతా తిరిగేదే. తెలుగులో అది జోకులా కూడా ఉండదు, రోజూ జరిగేదే అనిపిస్తుంది.

అయితే అన్నిటికీ జోయి బొమ్మే సరిపోదు. 'ఫ్రెండ్స్‌'లోనే 1999 నాటి ఎపిసోడ్ ఒకటుంది. మెట్ల మీదుగా సోఫా ఎక్కిస్తూ రాస్ అనే ఇంకో పాత్ర 'పివట్' (తిప్పండి) అని అరుస్తూనే ఉంటాడు. అరుపు పెరుగుతుందే తప్ప వివరం పెరగదు. చివరికి సోఫా రెండు ముక్కలవుతుంది. కోపంగా ఆజ్ఞలిచ్చే పై అధికారి మీద మీమ్ చేయాలంటే జోయి కంటే రాస్ నయం.

మన మీమర్లకు చేతికి ముందుగా తగిలేది బ్రహ్మానందం. ఆ మొహానికి సాటిలేదు, చిక్కూ అక్కడే. ఆ బొమ్మ చూడగానే సినిమాలోని అసలు డైలాగు మనసులో మోగుతుంది, క్యాప్షన్ దాంతో పోటీపడి గెలవాలి. 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం' వేరు. ఆంజనేయులు పథకం వేయడం, అమృతరావు దానితో బోల్తా పడటం అనే వరస తెలిస్తే చాలు, మాటలు మనమే వేసుకోవచ్చు.

చెప్పిందొకటి, చేసిందొకటి అయితే పుట్టే ఈ నవ్వు మనకు టీవీతో వచ్చిందేమీ కాదు. సూది తెమ్మని పంపితే తాటిదుంగకు గుచ్చి అందరూ కలిసి మోసుకొచ్చిన పరమానందయ్య శిష్యులు ఉండనే ఉన్నారు. వాళ్లను చూసి నవ్వుతాం గానీ, వాళ్లను ఎవరూ అసహ్యించుకోరు. పని ఎగ్గొట్టలేదు కదా, పాపం భుజాలు కాయలు కాశాయి. ఇప్పటి మీమ్‌లలో నాకు నచ్చనిది ఒకటుంది. చాలావరకు ఫీబీ పక్షం నుంచి రాసినవే. 'మా టీమ్‌కి చెబితే ఇలా', 'మా ఆయనకు చెబితే ఇలా'. రాసేవాడు ఎప్పుడూ తెలివైనవాడే. జోయి గడిలో 'నేను' అని పెట్టుకున్నవాడి మీమ్ మీద నాకు గురి ఎక్కువ.

ఎపిసోడ్ చివర జరిగేది ఆ ఎనిమిది గడుల్లో లేదు. విసిగి వెళ్లిపోయిన ఫీబీ ఆడిషన్ దగ్గరికి తిరిగొస్తుంది. జోయి ఫ్రెంచ్ అనుకుని ఏదో వాగుతుంటే, దర్శకుణ్ణి పక్కకు పిలిచి ఫ్రెంచ్‌లోనే, వీడు నా తమ్ముడు, బుర్ర కాస్త మందం, కాదనకండి అని బతిమాలుతుంది. దర్శకుడు జోయి దగ్గరికొచ్చి, ఫ్రెంచ్ చాలా బాగుందని మెచ్చుకుంటాడు. వేషం ఇవ్వడు. జోయి మాత్రం ఆ మెప్పుకు పొంగిపోతాడు. ఆ మొహంతో చేసిన టెంప్లేట్ నాకింకా ఎక్కడా కనిపించలేదు.