చుక్కకంటే ముందు పిడి

పిస్టల్‌తో గురిపెట్టేవారి కంటికి మూడు దూరాలు ఎదురవుతాయి. వెనుక సైటులోని గాడి ఒక దూరంలో, గొట్టం కొసన ముందు సైటు మరో దూరంలో, లక్ష్యం ఇంకెక్కడో. ఈ మూడింటినీ ఒకేసారి స్పష్టంగా చూడగల కన్ను మనిషికి లేదు. అందుకే పిస్టల్ నేర్పేవాళ్లు తరతరాలుగా ఒకటే మాట చెబుతూ వచ్చారు: చూపు ముందు సైటు మీద నిలపండి, లక్ష్యం మసకబారినా ఫర్వాలేదు. హైదరాబాద్ అమ్మాయి ఇషా సింగ్ బరిలో దిగే ఒలింపిక్ తరహా పిస్టల్ పోటీల్లో ఇప్పటికీ ఇదే లెక్క. అక్కడ లోహపు సైట్లకే అనుమతి. అద్దాలు, వెలుగు చుక్కలు ఉన్నవాటిని నిబంధనలు ఒప్పుకోవు.

నలభై దాటాక ఈ లెక్క తప్పడం మొదలవుతుంది. చత్వారం కాజేసేది సరిగ్గా ఆ ముందు సైటునే. చాచిన చేతుల కొసన ఉన్న చిన్న లోహపు ముక్క అంచులు కరిగిపోతాయి. ప్రోగ్రెసివ్ కళ్లజోడు పెట్టుకున్నవాళ్లు దాన్ని పట్టుకోవడానికి గడ్డం పైకెత్తి, తల వెనక్కి వాల్చి అవస్థ పడతారు. నేను ఉండే టెక్సాస్‌లో ఏ షూటింగ్ రేంజ్‌కి వెళ్లినా నా వయసువాళ్లు ఇలా మెడలు తిప్పుతూ కనిపిస్తారు. రెడ్ డాట్ సైటు నాకు ఇష్టమైంది అందుకే. అది కంటికి ఒకే పని అప్పగిస్తుంది: లక్ష్యాన్ని చూడు, చుక్క దాని మీదే కనిపిస్తుంది.

దీన్ని లేజర్ అనుకుంటారు చాలామంది. కాదు. ఇందులోంచి లక్ష్యం మీదికి వెలుగేమీ పోదు. సైటు వెనుక భాగంలో ఉన్న అతి చిన్న ఎల్‌ఈడీ ముందున్న వంపు అద్దం మీద కాంతి వేస్తుంది. అద్దానికున్న పూత ఆ ఎర్రని కాంతిని కంటివైపు తిప్పి, అవతలి దృశ్యాన్ని యథాతథంగా లోపలికి రానిస్తుంది. తిరిగివచ్చే కిరణాలు దాదాపు సమాంతరంగా ఉంటాయి కాబట్టి చుక్క అద్దం మీద కాకుండా ఎంతో దూరాన ఉన్నట్టు కనిపిస్తుంది. టెలిస్కోపులు తయారుచేసే ఐర్లండ్ నిపుణుడు హోవర్డ్ గ్రబ్ 1900లోనే ఈ సూత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ 1975లో దాన్ని ఎలక్ట్రానిక్ సైటుగా మార్చి వేటగాళ్ల రైఫిళ్ల మీదికి తెచ్చింది. పిస్టల్ మీదికి రావడానికి ఇంకా కాలం పట్టింది. పిస్టల్‌లో సైటు కూర్చునేది స్లయిడ్ మీద. పేల్చిన ప్రతిసారీ ఆ స్లయిడ్ వెనక్కి దూకి ముందుకొచ్చి గట్టిగా కొట్టుకుంటుంది. ఆ దెబ్బలు వేల సార్లు తట్టుకునే చిన్న సైటు కావాలి. 2009లో ట్రిజికాన్ కంపెనీ ఆర్ఎంఆర్ సైటు వచ్చాక అలాంటిది సాధ్యమేనన్న నమ్మకం కుదిరింది. 2015లో గ్లాక్ కంపెనీ సైటు బిగించుకునే వీలున్న స్లయిడ్లను ఫ్యాక్టరీలోనే చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇప్పుడు నడుముకు పెట్టుకునే చిన్న పిస్టళ్లలో కూడా ఆ వీలు లేనివి తక్కువే.

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో ప్రాంతాల తెలుగువాళ్లు పిస్టల్ కొనడం గురించి అడిగినప్పుడు నేను తేలిగ్గా తీసుకోను. 2023 మే 6న డాలస్ శివారు అలెన్‌లో ఒక మాల్ దగ్గర జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది చనిపోయారు. వాళ్లలో ఒక తెలుగు ఇంజనీరు ఉన్నారు. ఆత్మరక్షణ గురించి మన ఇళ్లలో మాటలు పెరగడం నేను చూశాను. ఆయుధం కొనాలా వద్దా అన్నది ఎవరికివారు, ఇంట్లోవాళ్లతో కలిసి తేల్చుకోవలసిన సంగతి. కొందామనుకున్నవాళ్లు మాత్రం ముందు చట్టం దగ్గర ఆగాలి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. వేట లైసెన్సు వంటి మినహాయింపులు కొన్నే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు, పౌరులకు ఈ నిషేధం లేదు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టప్రకారం అర్హులైనవాళ్లు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు క్లాసుకు వెళ్లమనే నా సలహా. ఎక్కడికి తీసుకెళ్లకూడదో, ఎప్పుడు తియ్యకూడదో అక్కడ చెబుతారు. అందులోని పరీక్షలో 3, 7, 15 గజాల నుంచి మొత్తం 50 తూటాలు పేల్చాలి. ఎవరి చెయ్యి ఎలాంటిదో అక్కడ వాళ్లకే తెలుస్తుంది.

ఇక ఎంపిక. ఈమధ్య గ్రీన్ కార్డు వచ్చిన ఒక కుర్రాడు నన్ను అడిగాడు: "అన్నా, అన్నిటికంటే చిన్నదేదో చెప్పు. దాని మీద మంచి రెడ్ డాట్ పెట్టించుకుంటా."

"చిన్నది తర్వాత చూద్దాం తమ్ముడూ. ముందు నీ చిటికెనవేలు ఎక్కడ ఆనుతుందో చూడు" అన్నాను.

మాట దాటవేయడానికి అన్నది కాదు, నా సలహా మొత్తం అందులోనే ఉంది. పిస్టల్‌ను అదుపులో ఉంచేది పిడి. మూడు వేళ్లూ పిడి మీద నిండుగా కూర్చుని, రెండో చేతి అరచేతికి కూడా చోటు మిగిలితేనే పేలిన ప్రతిసారీ తుపాకీ ఒకే దారిన లేచి ఒకే దారిన దిగుతుంది. చుక్క కూడా అలాగే లేచి అక్కడికే వస్తుంది. పిడి పొట్టిదై చిటికెనవేలు గాలిలో వేలాడితే తుపాకీ చేతిలో మెలితిరుగుతుంది, చుక్క అద్దంలోంచి మాయమవుతుంది. మాయమైన చుక్కను వెతుక్కునే సమయంలో లోహపు సైటుతోనే గురి కుదిరిపోయేది. అంటే పిడి సరిగా లేని పిస్టల్‌కు రెడ్ డాట్ మేలు చెయ్యదు, కీడే చేస్తుంది.

సిగ్ సావర్ పీ365నే తీసుకోండి. 2018లో అది వచ్చినప్పుడు అంత చిన్న పిస్టల్‌లో పది తూటాలు పట్టడం అందరినీ ఆశ్చర్యపరిచింది. దాని గొట్టం 3.1 అంగుళాలు. మరుసటి ఏడాది వచ్చిన పీ365 ఎక్స్ఎల్ గొట్టం 3.7 అంగుళాలు, మ్యాగజైన్‌లో 12 తూటాలు, పిడి సుమారు అర అంగుళం పొడవు ఎక్కువ, స్లయిడ్ మీద రెడ్ డాట్‌కు చోటు. నా మట్టుకు ఆ అర అంగుళమే అసలు సరుకు. స్ప్రింగ్‌ఫీల్డ్ హెల్‌క్యాట్‌కూ, 2022లో వచ్చిన హెల్‌క్యాట్ ప్రోకూ మధ్య తేడా కూడా ఇదే తరహాది. గ్లాక్ 43ఎక్స్ పలచగా ఉంటూనే నిండు పిడి ఇస్తుంది. మ్యాగజైన్‌లో పది తూటాలు. 1988 నుంచి ఉన్న గ్లాక్ 19 ఇంకొంచెం లావు, బరువు. పదిహేను తూటాలు పడతాయి, చేతిలో నిలకడగా ఉంటుంది. పెద్ద చేతులవాళ్లకు, నడుము మీద బరువు మోయగలవాళ్లకు అది ఇప్పటికీ మంచి ఎంపిక.

పిడి పొడవు పెరిగితే చొక్కా కింద దాగదని భయపడతారు. ఆ భయంలో నిజముంది. బట్టల మీద ఉబ్బుగా కనిపించేది ముఖ్యంగా పిడి మడమే. గొట్టం ప్యాంటులోపలికి పోతుంది, రెడ్ డాట్ వల్ల పెరిగే ఎత్తు బట్టల మడతల్లో కలిసిపోతుంది. కానీ దీనికి విరుగుడు తుపాకీని ఇంకా చిన్నది చెయ్యడం కాదు. గట్టి బెల్టు, పిడిని ఒంటివైపు నొక్కే ఏర్పాటున్న హోల్‌స్టర్, కాస్త వదులు చొక్కా సరిపోతాయి. హోల్‌స్టర్ గట్టి ప్లాస్టిక్‌దై ఉండాలి, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న భాగాన్ని పూర్తిగా కప్పాలి, సైటుకు అడ్డం రాకుండా పైన కోత ఉండాలి. ఈ మూడింట్లో ఒక్కటి తగ్గినా దాన్ని కొనవద్దు. చెప్పులు కూడా కాలికి తొడిగి చూడకుండా కొనం కదా, పిస్టలూ అంతే. చాలా రేంజ్‌లలో ఇలాంటి పిస్టళ్లు అద్దెకిస్తారు. రెండుమూడు రకాలు పేల్చి చూసి చెయ్యి ఏది కోరుకుంటుందో తెలుసుకోండి.

పిడి తేలాక స్లయిడ్ చూడాలి. రెడ్ డాట్లన్నిటికీ అడుగు ఒకేలా ఉండదు. మరల రంధ్రాలు, వాటి పక్కన ఉండే చిన్న ముళ్లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. పలచని పిస్టళ్లలో ఎక్కువగా కనిపించేది బ్రిటన్ కంపెనీ షీల్డ్ వారి ఆర్ఎంఎస్‌సీ కొలత. హోలోసన్ కంపెనీ చిన్న సైట్లది దానికి దగ్గరగా ఉంటుంది కానీ అదే కాదు. కొన్ని పిస్టళ్ల స్లయిడ్ మీదున్న వెనుక ముళ్లను అరగదీస్తే తప్ప కూర్చోదు. కాబట్టి పిస్టల్, సైటు జతగా ఎంచుకోండి, ఒకటి కొన్నాక రెండోదాని కోసం వెతకడం కాదు. మధ్యలో ప్లేటు లేకుండా నేరుగా స్లయిడ్ మీద కూర్చునే జత దొరికితే నేను దాన్నే తీసుకుంటాను. ప్లేటు చేరితే సైటు ఎత్తు పెరుగుతుంది, వదులయ్యే మరలు రెట్టింపవుతాయి. సైటు తక్కువ ఎత్తులో ఉంటే అద్దం అడుగున లోహపు సైట్లు కూడా కనిపిస్తాయి. బ్యాటరీ అయిపోయిన రోజున, అద్దం పగిలిన రోజున ఆ కనిపించడమే ఆధారం. మరలకు వదులవకుండా పట్టే జిగురు వేసి, కంపెనీ చెప్పిన బిగువుకు టార్క్ రెంచితో బిగించి, మర మీదా పక్కనా కలిపి రంగు గీత గీయండి. గీత పక్కకు జరిగిందంటే మర వదులైనట్టే.

సైటులో నేను చూసేవి నాలుగు. మొదటిది మూత. ఎల్‌ఈడీ బయటికి తెరిచి ఉండే రకాల్లో వాన చినుకో, చొక్కా నూలుపోగో అడ్డుపడితే చుక్క చెదిరిపోతుంది. పొద్దస్తమానం ఒంటిని అంటుకుని, చెమటలో, టెక్సాస్ ఎండలో ఉండే పిస్టల్‌కు హోలోసన్ ఈపీఎస్ క్యారీ వంటి మూసిన రకం మేలు. రెండోది బ్యాటరీ. సైటును ఊడదియ్యకుండా మార్చుకునే వీలుండాలి. ఊడదీసి బిగించిన ప్రతిసారీ గురి మళ్లీ సరిచూసుకోవాల్సి వస్తుంది. మూడోది చుక్క పరిమాణం. దీన్ని ఎంఓఏలో కొలుస్తారు. ఒక ఎంఓఏ అంటే వంద గజాల దూరంలో అంగుళానికి కాస్త ఎక్కువ. ఆరు ఎంఓఏ చుక్క పాతిక గజాల దగ్గర ఒకటిన్నర అంగుళాన్ని కప్పుతుంది, మూడు ఎంఓఏ చుక్క ముప్పావు అంగుళాన్ని. ఆత్మరక్షణ దూరాల్లో పెద్ద చుక్క వల్ల వచ్చే నష్టం లేదు, కంటికి త్వరగా ఆనుతుంది. నాలుగోది మీ కన్ను. ఆస్టిగ్మాటిజం ఉన్నవాళ్లకు చుక్క గుండ్రంగా కాక తోకచుక్కలానో, ద్రాక్షగుత్తిలానో కనిపిస్తుంది. తుపాకీ ఖాళీ చేసి, సైటులోంచి ఫోన్ కెమెరాతో ఫొటో తీసి చూడండి. ఫొటోలో చుక్క గుండ్రంగా ఉంటే సైటు మంచిదే, వెళ్లాల్సింది కంటి డాక్టరు దగ్గరికి. కొందరికి ఆకుపచ్చ చుక్క స్పష్టంగా కనిపిస్తుంది, వెలుగు తగ్గించినా చాలావరకు కుదుటపడుతుంది.

ఇవన్నీ కుదిరి మొదటిసారి పైకెత్తినప్పుడు చాలామంది బెదిరిపోతారు. చుక్క వణుకుతుంది. ఆ వణుకు సైటుది కాదు, చేతిది. లోహపు సైట్లతోనూ చెయ్యి అంతే వణికేది, కళ్లకు తెలిసేది కాదు. వణుకు ఆగాలని ఎదురుచూస్తూ, ఆగిందనుకున్న క్షణంలో ట్రిగ్గర్‌ను గుంజేవాళ్ల తూటా కిందకు పోతుంది. వణుకును ఒప్పుకుని ట్రిగ్గర్‌ను మెత్తగా వెనక్కి నొక్కేవాళ్ల తూటా ఆ వణుకు పరిధిలోనే పడుతుంది, అది చాలు. నేను ఈ సాధనను ప్రేమించడానికి కారణం ఇదే. చుక్క తప్పును దాచదు, తప్పు జరిగిన క్షణంలోనే చూపిస్తుంది. ఇంట్లో ఖాళీ తుపాకీతో చేసే డ్రై ఫైర్‌లోనే దీన్ని దిద్దుకోవచ్చు. తూటాలు వేరే గదిలో పెట్టి, తుపాకీ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, తూటాను ఆపగల గోడవైపు గురిపెట్టి చెయ్యాలి. రెండు కళ్లూ తెరిచి, చూపు లక్ష్యం మీదే ఉంచి, తుపాకీని కంటి దగ్గరికి తేవాలి, కంటిని తుపాకీ దగ్గరికి కాదు. అద్దం ముందువైపు టేపు అంటించి చేస్తే ఈ అలవాటు త్వరగా వస్తుంది: ఒక కన్ను చుక్కను, ఇంకో కన్ను లక్ష్యాన్ని చూస్తాయి, మెదడు రెండింటినీ కలుపుతుంది.

ఇంట్లో పిల్లలున్నవాళ్లకు ఇంకో మాట. తూటాలు నింపిన తుపాకీని నిర్లక్ష్యంగా ఉంచినందువల్ల అది పదిహేడేళ్లలోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో నేరం. చట్టం సంగతి అటుంచినా, తుపాకీ ఒంటి మీదైనా ఉండాలి, తాళంలోనైనా ఉండాలి. మూడో చోటు లేదు. తాళంపెట్టెకు డబ్బు లేకపోతే పిస్టల్ కొనడం వాయిదా వెయ్యండి.

అందుకే ఆ తమ్ముడికి ఖర్చు వరుస ఇలా చెప్పాను: ముందు తాళంపెట్టె, తర్వాత చేతికి నిండుగా కూర్చునే పిస్టల్, దానికి తగిన హోల్‌స్టర్, ఒక మంచి శిక్షకుడి దగ్గర క్లాసు, సాధనకు తూటాలు. లోహపు సైట్లతో ఏడు గజాల దగ్గర తన తూటాలు అరచేతంత చోటులో పడుతున్నాయని తేలాక రెడ్ డాట్. స్లయిడ్ మీద చోటు ఉన్న పిస్టల్‌నే ముందుగా కొంటాడు కాబట్టి ఆ రోజు దాకా ఆగినందువల్ల పోయేదేమీ లేదు. అప్పటికి పిడి చేతికి అలవాటై ఉంటుంది, చుక్క ఎక్కడ ఉండాలో చేతికే తెలుస్తుంది.