వాడుకలో ఒప్పు, అర్థంలో తప్పు

తప్పు నలుగురూ చేస్తే ఒప్పవుతుందా? ఇంగ్లీషు విషయంలో ఈ ప్రశ్న వేస్తే మనలో చాలామంది కాదనే అంటారు. బ్యాంకులో ఏళ్ల తరబడి ఉత్తరాలు దిద్దిన నేనూ అలాగే అనేవాణ్ణి. ‘డిస్కస్ అబౌట్’లో అబౌట్ కొట్టేసేవాణ్ణి. ‘రిటర్న్ బ్యాక్’లో బ్యాక్ తీసేసేవాణ్ణి. ‘ప్రిపోన్’ కనబడితే ఎర్రసిరాతో సున్నా చుట్టేవాణ్ణి.

ఆ ప్రిపోన్ ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులో ఉంది. ‘పోస్ట్‌పోన్’కు ఎదురుమాట కావలసి వచ్చింది, మనవాళ్లు చేసుకున్నారు. అర్థం కానివాడు లేడు. ‘డూ ది నీడ్‌ఫుల్’ అంటే నవ్వుతారు గాని, అది ఒకప్పుడు ఇంగ్లండులోనూ చెల్లిన మాటే. వాళ్లు వదిలేశారు, మన దరఖాస్తులు వదల్లేదు. ఇలాంటివాటిని తప్పులని నేనిప్పుడు అనను.

అలాగని ప్రతిదానికీ వాడుకే ప్రమాణమా? ఒకసారి ఒక అప్పు దరఖాస్తు మీద మా కుర్రవాడొకడు ‘ఐ డౌట్ హి హాజ్ అనదర్ లోన్’ అని రాశాడు. ఇంకోచోట అప్పు ఉందని తన అనుమానం. పైఆఫీసులో చదివినాయన ఇంగ్లీషు బాగా వచ్చినవాడు. ఇంకో అప్పు లేదనే అర్థం తీసుకున్నాడు. మన అనుమానం ‘ఉందేమో’ అని, ఇంగ్లీషువాడి డౌట్ ‘లేదేమో’ అని. అప్పు మంజూరైంది. రెండో అప్పు సంగతి ఆర్నెల్ల తర్వాత బయటపడింది. సంజాయిషీ ఆ కుర్రవాడే రాసుకోవలసి వచ్చింది.

వాడుక గురించిన ఈ తగాదా మనకు కొత్త కాదు. నేడు ఒడిశాలో ఉన్న పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తిగారు (1863–1940) జీవితమంతా వాడుక తెలుగు కోసం పోరాడారు. అయితే ఆయన కోరింది శిష్టుల వాడుకను. నోటికొచ్చినదల్లా రాయమనలేదు. హోసూరులో మేం ‘వస్తా ఉండా’ అంటే విజయవాడ బంధువులు నవ్వుతారు. అప్పుడు మాకు గిడుగువారు గుర్తొస్తారు, మా వాడుక మాదే అంటాం. మర్నాడు ఆఫీసుకెళ్లి ఇంకొకడి ప్రిపోన్‌కు సున్నా చుడతాం. మనకొక న్యాయం, వాడికొక న్యాయమా?

‘వస్తా ఉండా’లో గాని ప్రిపోన్‌లో గాని ఎవరూ మోసపోరు. ‘డౌట్’లో మోసపోతారు. రాసినవాడికీ చదివినవాడికీ ఒకే అర్థం అందినంతవరకు వాడుకదే గెలుపు. అర్థం తిరగబడితే మాత్రం వెయ్యిమంది వాడినా దిద్దవలసిందే. నా ఎర్రసిరా కలం ఇంకా జేబులోనే ఉంది. సున్నాలే తగ్గాయి.