కట్టిన ఇంజనుకు తొలి స్టార్టు

పాతబడిన కారు ఇంజనును పూర్తిగా విప్పి, అరిగిన భాగాలను మార్చి, తిరిగి బిగించిన తరువాత దానిని మొదటిసారి నడిపించే పని మెకానిక్ వృత్తిలో తక్కువ సేపట్లో ముగిసేదే అయినా, అంతకు ముందు రోజుల తరబడి చేసిన పని నిలబడుతుందా పాడవుతుందా అన్నది తేలేది అక్కడే. హైదరాబాద్‌కు ఉత్తరాన, నాగపూర్ వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద మేడ్చల్, కరీంనగర్ వైపు సాగే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట ఉన్నాయి; ఈ రెండు దారులనూ ఔటర్ రింగు రోడ్డు అడ్డంగా కలుపుతుంది. రాకపోకలు ఎడతెగని ఇటువంటి దారుల పక్కన రేకుల షెడ్లలో సాగే ఇంజను పని పాఠ్యపుస్తకాల నుంచి వచ్చినది కాదు. ఉస్తాద్ చేతికింద పానాలు అందిస్తూ ఎదిగిన కుర్రాడు తానే ఉస్తాద్ అయ్యే క్రమంలో చేతి నుంచి చేతికి, చెవి నుంచి చెవికి అందిన విద్య అది.

కారు వెనక నుంచి నీలి పొగ కొడుతూ, ఆయిల్ తాగుతూ, ఎత్తు ఎక్కడానికి ఆయాసపడుతుంటే ‘ఇంజను బోరుకొచ్చింది’ అంటారు. పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టం సిలిండర్. ఏళ్ల తరబడి రాపిడికి దాని గోడ అరిగి గుండ్రదనం కోల్పోయినప్పుడు, లేత్ వర్క్‌షాపులో ఆ గోడను కాస్త పెద్ద కొలతకు చెక్కించి, ఆ కొలతకు తగిన పెద్ద పిస్టన్లు, కొత్త రింగులు వేస్తారు. అంబాసిడర్ వంటి పాత బండ్లకు ఈ కొలతను అంగుళంలో వెయ్యోవంతుల లెక్కన ‘ఇరవై సైజు’, ‘నలభై సైజు’ అని చెబుతారు. ఇరవై సైజు అంటే సుమారు అర మిల్లీమీటరు. క్రాంక్ షాఫ్ట్‌ను కూడా సానపట్టి, కొత్త బేరింగులు వేసి, హెడ్‌లోని వాల్వులను కూర్చోబెడితే అది ఫుల్ ఇంజను. క్రాంకును కదపకుండా పిస్టన్లు, రింగుల వరకే ఆగితే హాఫ్ ఇంజను. విడిభాగాల కోసం నగరంలోని రాణిగంజ్, పుత్లీబౌలి దుకాణాలకు వెళ్లడం, బ్లాకును లేత్‌కు పంపించడం, వచ్చిన వాటిని కడిగి కొలిచి బిగించడం అనే ఈ వరసలో ఎంతమంది చేయి పడినా, చివరికి తాళం తిప్పే బాధ్యత మాత్రం ఇంజను కట్టిన ఉస్తాద్‌దే.

ఆ బాధ్యత ఎందుకంత బరువైనదో తెలియాలంటే ఆయిల్ చేసే పనిని గమనించాలి. నడుస్తున్న ఇంజనులో క్రాంక్ షాఫ్ట్ బేరింగుల లోహాన్ని దాదాపు తాకదు. పంపు ఒత్తిడితో పంపిన ఆయిల్ ఆ రెంటి మధ్య పలుచని పొరగా నిలిచి షాఫ్టును తేలుస్తూ ఉంటుంది. చిన్న కార్ల ఇంజన్లలో ఆ సందు సాధారణంగా మిల్లీమీటరులో నలభయ్యోవంతు నుంచి ఇరవయ్యోవంతు వరకు మాత్రమే ఉంటుంది. రోజూ నడిచే కారులో రాత్రి ఆపినా ఆ సందులో కొంత ఆయిల్ మిగిలే ఉంటుంది గాని, కొత్తగా కట్టిన ఇంజనులో పంపు, ఫిల్టరు, ఆయిల్ దారులు అన్నీ ఖాళీ. అందుకే బిగించేటప్పుడే ప్రతి బేరింగుకూ, వాల్వులను తెరిచే కామ్ షాఫ్ట్ ఉబ్బెత్తులకూ చిక్కని ఆయిల్ గాని గ్రీజు వంటి లేపనం గాని పూస్తారు. అది కొన్ని క్షణాలకే సరిపోతుంది. ఈలోగా పంపు నుంచి ఆయిల్ చేరకపోతే బేరింగు పట్టేస్తుంది, సానపట్టించిన క్రాంక్ మీద గీతలు పడతాయి, ఇంజను మళ్లీ దించవలసిందే.

కాబట్టి అనుభవమున్న ఉస్తాద్ ముందుగా ఇంజనును చేత్తో తిప్పుతాడు. స్పార్క్ ప్లగ్గులు విప్పి, క్రాంకు ముందున్న పుల్లీ బోల్టుకు పొడవాటి పానా తగిలించి, మెల్లగా రెండు పూర్తి చుట్లు తిప్పిస్తాడు. నాలుగు దశల ఇంజనులో క్రాంక్ రెండుసార్లు తిరిగితే గాని కామ్ షాఫ్ట్ ఒకసారి తిరగదు కనుక, ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకోవడానికి ఆ రెండు చుట్లు అవసరం. కొత్త రింగుల వల్ల బరువుగానే తిరిగినా, ఆ బరువు చుట్టంతా ఒకే తీరుగా ఉండాలి. ఎక్కడైనా ఒకచోట గట్టిగా ఆగిందంటే వాల్వు పిస్టన్‌కు తగులుతోందనో, బేరింగు మూత తారుమారైందనో అర్థం. అక్కడ బలం ఉపయోగించేవాడు వాల్వు వంచుకుంటాడు; పానా వదిలి టైమింగ్ గుర్తులు మళ్లీ చూసుకునేవాడు ఇంజనును దక్కించుకుంటాడు. చార్లెస్ కెటరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కార్లలో వచ్చాక హ్యాండిల్ కొట్టే అవసరం క్రమంగా తగ్గింది గాని, పాత అంబాసిడర్లకు మాత్రం హ్యాండిల్ చాలాకాలం తోడుగానే ఉంది. ఆ హ్యాండిల్ పట్టిన అరచేతికి అందే సమాచారం డ్యాష్‌బోర్డు మీది ఏ దీపమూ ఇవ్వలేదు.

తరువాతి మెట్టు ఆయిల్ ఎక్కించడం. ప్లగ్గులు విప్పే ఉంచి, పెట్రోలు పైపు, స్పార్కుకు కరెంటు ఇచ్చే కాయిల్ తీగ ఊడదీసి, సెల్ఫ్ కొడతారు. స్టార్టరు మోటారుకు ఈ ప్రాంతంలో సెల్ఫ్ అన్నదే వాడుక మాట. ప్లగ్గులు లేనందువల్ల సిలిండర్లలో గాలి నొక్కుకోదు, క్రాంకు మీద భారం పడదు, సెల్ఫ్ తేలికగా తిప్పుతుంది. ఆ తిరుగుడుకు పంపు ఆయిల్‌ను లాగి దారులన్నీ నింపుతుంది. పది, పదిహేను సెకన్లు కొట్టి, సెల్ఫ్ చల్లారడానికి ఆగి, మళ్లీ కొడుతూ, డ్యాష్‌బోర్డు మీద ఎర్రగా వెలిగే ఆయిల్ లైటు ఆరేవరకు సాగిస్తారు. జాగ్రత్త ఎక్కువైనవారు అంతటితో తృప్తి పడక, వాల్వు కవరు తీసి, రాకర్ల మీదికి ఆయిల్ ఊరి వస్తోందా లేదా అని కళ్లతో చూసుకుంటారు. ఇంజనులో అన్నిటికన్నా దూరాన, పైన ఉన్న భాగానికి ఆయిల్ చేరిందంటే కింద ఉన్న బేరింగులకు చేరినట్టే. ఈ పావుగంట పనిని వదిలేసి నేరుగా తాళం తిప్పే షెడ్లు లేకపోలేదు. అది క్షమించదగిన అలసత్వం కాదు.

ఆయిల్ ఎక్కాక ప్లగ్గులు, తీగలు, పెట్రోలు పైపు తిరిగి బిగిస్తారు. అప్పుడు స్పార్కు వరస తప్పకూడదు. మూడు సిలిండర్ల మారుతి 800లో అది 1-3-2, నాలుగు సిలిండర్ల అంబాసిడర్‌లో 1-3-4-2. ఇంజను ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టించుకోకుండా వెంటనే అందుకోవడం ముఖ్యం. ఎందుకంటే మండని పెట్రోలు సిలిండర్ గోడ మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, కామ్ మీద పూసిన లేపనం తుడిచిపెట్టుకుపోతుంది. రేడియేటరులో కూలెంటును సరైన పాళ్లలో కలిపి నింపి, గాలి బుడగలు వెళ్లిపోయేవరకు మూత తెరిచి ఉంచుతారు. బోరు నీళ్లు పోయడం మాత్రం మానుకోవాలి. వాటిలోని లవణాలు వేడికి పొలుసుగా కట్టి రేడియేటరు సన్నని గొట్టాలను పూడ్చేస్తాయి, కొత్త ఇంజనుకు వేడెక్కడాన్ని మించిన శత్రువు లేదు.

ఇక ఒక నిమ్మకాయ, ఒక అగరుబత్తి అయ్యాక తాళం తిరుగుతుంది. ఇంజను అందుకున్న మొదటి ఐదు సెకన్లలో ఉస్తాద్ చూపు ఆయిల్ లైటు మీద తప్ప మరెక్కడా ఉండదు. అది ఆరకపోతే శబ్దం ఎంత ముచ్చటగా ఉన్నా ఆపివేయాలి. ఆ తరువాత చేయవలసింది ఇంజను జాతిని బట్టి మారుతుంది. అంబాసిడర్ పాత 1489 సీసీ ఇంజనులో కామ్ షాఫ్ట్ బ్లాకులో ఉండి, చదునైన ట్యాపెట్ల మీద నేరుగా రాసుకుంటుంది. దాని ఉబ్బెత్తులకు ఆయిల్ ఎక్కువగా తిరిగే క్రాంక్ నుంచి చిమ్ముగానే అందుతుంది. కొత్త కామ్, కొత్త ట్యాపెట్లు వేసినప్పుడు ఆ ఇంజనును ఐడిలింగులో వదిలితే చిమ్ము చాలదు, ఉబ్బెత్తులు మొదటి రోజే అరిగిపోతాయి. అందుచేత నిమిషానికి సుమారు 2000 చుట్ల వేగంలో, కొద్దిగా హెచ్చుతగ్గులతో, ఇరవై నిమిషాలు నడపడం నియమం. మారుతి 800లో కామ్ షాఫ్ట్ హెడ్‌లోనే ఉంటుంది కనుక ఆ నియమం అంత కఠినం కాదు. కొత్త ఇంజనును గంటల తరబడి నెమ్మదిగా తిరగనివ్వడమే మర్యాద అన్న నమ్మకం మాత్రం ఏ ఇంజను విషయంలోనూ సరైనది కాదు.

ఆ ఇరవై నిమిషాలలో షెడ్డులో మాటలు తగ్గిపోతాయి. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను బ్లాకు మీద ఆనించి, పిడిని చెవి వెనుక ఎముకకు ఆనించి, ఉస్తాద్ ఒక్కొక్క చోటా వింటాడు. పైనుంచి వచ్చే సన్నని టకటక ట్యాపెట్ సందుది, సర్దవచ్చు. లోతు నుంచి యాక్సిలరేటరుతో పాటు పెరిగే బరువైన కొట్టుడు కనెక్టింగ్ రాడ్ బేరింగుది, అది వినిపిస్తే ఆ క్షణమే ఆపాలి. పొగను చూసి బెదరనవసరం లేదు. బిగించేటప్పుడు పూసిన ఆయిల్ కాలుతూ కొన్ని నిమిషాలు తెల్లగా, నీలంగా పొగ రావడం సహజం. ఇంజను పూర్తిగా వేడెక్కాక కూడా తెల్లపొగ తీపి వాసనతో ఆగకుండా వస్తే హెడ్ గ్యాస్కెట్ గుండా కూలెంటు లోపలికి దిగుతున్నట్టు.

ఆపి, చల్లారనిచ్చాక పాత ఇంజన్లలో హెడ్ బోల్టులను టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూసి, ట్యాపెట్ సందులను ఫీలర్ గేజ్‌తో కొలుస్తారు. ఇటీవలి కార్లలో సాగుడు బోల్టులు వాడుతున్నందున వాటిని మళ్లీ బిగించడం తప్పు. పాత విద్య కొత్త ఇంజను దగ్గర ఎక్కడ ఆగాలో తెలియడం కూడా విద్యలో భాగమే. రాపిడి తొలిదశలో రాలే లోహపు నలుసులు బయటికి పోవాలి కనుక తొలి ఆయిల్‌ను, ఫిల్టరును త్వరగానే మార్చివేస్తారు. మంచి ఉస్తాద్ ఆ ఫిల్టరును పారేయకుండా కోసి, మడతల్లో ఏ రంగు నలుసులు చిక్కాయో వెలుతురులో చూస్తాడు.

రింగులు కూర్చోవడం రోడ్డు మీద జరిగే పని. చెక్కిన సిలిండర్ గోడ మీద హోనింగ్ రాయితో అడ్డదిడ్డంగా గీసిన సన్నని గీతలు ఉంటాయి. పెట్రోలు మండినప్పటి ఒత్తిడి రింగుల వెనుక చేరి వాటిని ఆ గీతలకు నొక్కినప్పుడే రెండూ ఒకదానికొకటి ఒరుసుకుని ఒదుగుతాయి. భారం లేకుండా నడిపితే ఆ ఒత్తిడి చాలక గోడ గాజులా నునుపెక్కి, ఇంజను ఎప్పటికీ ఆయిల్ తాగుతూనే ఉంటుంది. మేడ్చల్, శామీర్‌పేట మధ్య కారు పరీక్షకు ఔటర్ రింగు రోడ్డు సులువైన దారిగా కనిపించినా, ఒకే వేగంతో సాగే ఆ ప్రయాణం రింగులకు మేలు చేయదు. ఊళ్ల మీదుగా ఎత్తుపల్లాలతో, గేర్లు మారుస్తూ, మధ్యస్థంగా యాక్సిలరేటరు తొక్కి వదులుతూ సాగే దారే మొదటి వెయ్యి కిలోమీటర్లకు తగినది.

మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా రోడ్డు మీద మిగిలిన అటువంటి కార్లను నడిపిస్తున్నది ఈ షెడ్ల విద్యే. ఐటీఐలలో మోటారు మెకానిక్ కోర్సు రెండేళ్లు నేర్పుతారు. అక్కడి కొలతల క్రమశిక్షణ, షెడ్డులోని చెవి, చేయి కలిసినచోట మంచి పనివాడు తయారవుతాడు. షెడ్డు విద్యకున్న పెద్ద లోపం ఏదీ రాసిపెట్టకపోవడం. ఉస్తాద్ మరో ఊరు వెళ్లిపోతే ఆ ఇంజను చరిత్ర కూడా వెళ్లిపోతుంది.

అందువల్ల ఇంజను పని చేయించే యజమాని సాయంత్రానికల్లా బండి కావాలని తొందరపెట్టకుండా, తొలి స్టార్టుకు ఒక పూట కేటాయించి, వీలైతే తానూ దగ్గర ఉండాలి. సిలిండర్లు ఏ సైజుకు చెక్కారో, బేరింగులు ఏ సైజువో, ఏ ఆయిల్ పోశారో, ఏ తేదీన స్టార్టు చేశారో ఒక కాగితం మీద రాయించుకుని బండి పత్రాలతో పాటు భద్రపరచాలి. నలభై సైజు దాటిన అంబాసిడర్ బ్లాకుకు మళ్లీ పెద్ద పిస్టన్ దొరకడం కష్టం, అప్పుడు స్లీవ్ వేయించవలసిందే. ఆ సంగతి తరువాతి మెకానిక్‌కు ఇంజను విప్పకముందే తెలియజేయగలిగేది ఆ కాగితం ఒక్కటే.